తోడేలుకు తెలిసిన కంబళి

నేను ఒక కంబళిని. అంగట్లో మడతపెట్టి అమ్మే మెత్తటి రగ్గును కాను. ముట్టుకుంటే గుచ్చుకునే, తడిస్తే గొర్రె వాసన కొట్టే అసలైన నల్ల ఉన్ని కంబళిని. నన్ను కప్పుకున్నవాళ్ళకు ఒళ్ళు దురద పెడుతుంది కానీ వాన దిగదు, చలి తాకదు. పుట్టి పన్నెండేళ్ళయింది. ఇద్దరు మనుషుల భుజాల మీద బతికాను. ఆ ఇద్దరూ మంచివాళ్ళే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే జరిగింది విన్నాక మీరు ఇద్దరిలో ఒకరిని చెడ్డవాణ్ణి చేయాలని చూస్తారు. మనుషులకు ఆ అలవాటుంది.

నేను పుట్టింది హగరి ఏటి ఒడ్డున, రాయదుర్గానికి అవతల. ఏరంటే నీళ్ళుంటాయనుకునేరు. ఉండేది ఇసుక. ఆషాఢంలో గాలి లేచిందంటే ఆ ఇసుక ఏట్లోంచి పొలాల మీదికి నడిచి వస్తుంది. నిన్న గట్టు ఉన్నచోట ఇవాళ దిబ్బ ఉంటుంది. బయటి ఊళ్ళవాళ్ళు కార్లలో వచ్చి, ఎడారి చూశామని ఫోటోలు దిగి పోతారు. అక్కడివాళ్ళు మాత్రం దాన్ని ఎడారి అనరు, ఇసక అంటారు. ఎడారి అంటే ఎవరూ బతకలేని చోటు కదా, మరి వాళ్ళు బతుకుతూనే ఉన్నారు.

నా ఉన్ని గాదిలింగప్ప గొర్రెలది. ఆయన కురుబ, తాతల నాటి నుంచి గొర్రెల కాపరి. ఆయన కత్తిరించిన ఉన్నిని ఆయన భార్య సుంకమ్మ గుడిసె ముందు కూర్చుని ఆరు నెలలు వడికింది. పక్క ఊరి నేతగాడు గుంటమగ్గం మీద నేశాడు. తర్వాత చింతపిక్కలు ఉడికించిన గంజి నాకు పట్టించి ఎండలో ఆరేశారు. నా బిరుసుతనమంతా ఆ గంజి పెట్టిన భిక్షే.

తొమ్మిదేళ్ళు నేను గాదిలింగప్ప దగ్గర ఉన్నాను. ఎండలో ఆయనకు నీడ, వానలో గొడుగు, పడుకుంటే పరుపు నేనే. మేతకు పోయినచోట గొర్రె ఈనితే ఆ తడి పిల్లను చుట్టుకుని రొప్పానికి మోసుకొచ్చింది నేనే. రొప్పమంటే గొర్రెల్ని తోలే ముళ్ళకంచె. తల్లులు మేతకు పోయినప్పుడు నడవలేని పసిపిల్లలు పగలంతా అందులోనే ఉంటాయి.

ఆ దిబ్బల్లో తోడేళ్ళు ఉండేవి. ఎక్కువ లేవు, ఒక జంట, అప్పుడప్పుడు వాటి పిల్లలు. గాదిలింగప్పకు వాటి మీద ప్రేమా లేదు, పగా లేదు. ఏడాదికి రెండో మూడో గొర్రెలు పోయేవి. ఆ రోజు నాలుగు తిట్లు తిట్టేవాడు, మర్నాడు మరిచిపోయేవాడు. తోడేళ్ళకూ ఆయన కొత్త కాదు. ప్యాంటూ చొక్కా వేసుకున్న మనిషి కనబడితే అర మైలు నుంచే మాయమయ్యేవి. కంబళి కప్పుకున్న మనిషి కనబడితే మాత్రం దూరంగా ఆగి, ఇతను ఎటు పోతాడా అని చూసేవి. పుట్టినప్పటి నుంచి వాటికి తెలిసిన మనిషి ఆకారం అదే.

నా రెండో మనిషి ఖాసీంపీరా.

పీరా తాతలు దూది ఏకేవారు. పీరా రాయదుర్గంలో ఫోటో స్టూడియో పెట్టాడు. ముప్పై ఏళ్ళు నీలం తెర ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, గడ్డం కొంచెం పైకి, కళ్ళు మూయొద్దు, నవ్వండి అని చెప్పాడు. తర్వాత ఊళ్ళో అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి, అందరూ తమను తామే నవ్వించుకోవడం నేర్చుకున్నారు. స్టూడియోకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఎప్పుడో ఒక పెళ్ళి మిగిలాయి. అలా మిగిలిన పెళ్ళిళ్ళలో గాదిలింగప్ప కూతురి పెళ్ళి ఒకటి. అది ముగించుకుని పీరా తెల్లవారుజామున మోపెడ్ మీద తిరిగి వస్తుంటే, బాట పక్క దిబ్బ మీద ఒక ఆడ తోడేలు నిలబడి ఉంది. సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. అది ఆయన్ను చూసింది. ఆయన మెడలోని కెమెరా ఎత్తేలోపల లేదు.

"ముప్పై ఏండ్లన్నా," అని తర్వాత ఎన్నోసార్లు గాదిలింగప్పతో చెప్పాడు. "ముప్పై ఏండ్లు మొహాలు చూసినా. ఒక్కటి కూడా ఉన్నది ఉన్నట్ట నన్ను చూళ్ళేదు. అది చూసింది."

పీరా పెళ్ళి లైట్లన్నీ అమ్మేసి పొడుగాటి లెన్సు కొన్నాడు. ఆయన భార్య మూడు రోజులు మాట్లాడలేదట. శుక్రవారం నమాజు కాగానే మోపెడ్ ఎక్కి ఇసుకలోకి వచ్చేవాడు. ఏడాదంతా తిరిగి ఆయన తీసిన ఫోటోలు ఇవి: దిబ్బ, దిబ్బ మీద ముళ్ళచెట్టు, దిబ్బ అవతలికి పోతున్న ఒక తోక.

చివరికి వచ్చి, తోడేలు పిల్లల్ని పెట్టే బొరియ గురించి గాదిలింగప్పను అడిగాడు.

"తోడేలు బొక్క యాడుందో నీకు తెల్సు కదన్నా?"

"తెల్సు."

"చూపిస్తావా?"

"చూపియ్యను." గాదిలింగప్ప గొర్రె గిట్టలో ముల్లు తీస్తూ తల ఎత్తకుండానే అన్నాడు. "నేను చూపిస్తే నువ్వు ఫోటో తీస్తావు. నువ్వు తీస్తే ఇంకొగడు చూస్తాడు. వాడు తుపాకి ఎత్తుకోనొస్తాడు. మా నాయిన కాలం నుంచి అవి ఈడ ఉండాయి. ఉండనీ సాబూ."

పీరా మళ్ళీ అడగలేదు. కానీ రావడం మానలేదు. వస్తూ రాయదుర్గం నుంచి గొర్రెల మందు తెచ్చేవాడు. మందు తాగించేటప్పుడు గొర్రె నోరు పట్టుకునేవాడు. సుంకమ్మ పెట్టిన జొన్నరొట్టె తిని, ఇసుకలో పడుకుని ఆకాశం చూసి, సాయంత్రానికి పోయేవాడు. ఇంకో ఏడాది గడిచింది. ఒకరోజు గాదిలింగప్ప నన్ను తన భుజం మీద నుంచి తీసి ఆయన భుజాన వేశాడు.

"ఇది కప్పుకో. నీ చొక్కా కనబడగూడదు. పిల్లలు కండ్లు తెరిచేదాంక బొక్క దిక్కు పోనే పోవద్దు. అది లేసి నిలబడితే నువ్వు కూచో. అది లేసి పోతే నువ్వు ఎనక పోవద్దు. నాకేం, నేను ఇంగొకటి నేయించుకుంటా."

అలా నేను చేతులు మారాను. పీరాకు మొదటి వారమంతా ఒళ్ళు దద్దుర్లు.

ఆయన ఓపిక గురించి చెప్పాలంటే, నా కింద దాగిన మనిషి గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మొదటి రోజు ఏటిగట్టున ఉన్న బొక్కకు మూడు వందల అడుగుల దూరంలో బోర్లా పడుకున్నాడు. పొద్దు పడమటికి తిరిగింది. ఇసుక కాలింది. చీమలు మోకాలి దాకా ఎక్కి తీరిగ్గా తిరిగాయి. ఆయన కదలలేదు. సాయంత్రానికి ఆపుకోలేక పడుకున్నచోటే పని కానిచ్చి, నాకు క్షమాపణ చెప్పుకున్నాడు. నేను గొర్రెల మధ్య పెరిగినదాన్ని, నాకదో లెక్కా? తోడేలు రాలేదు. రెండో శుక్రవారమూ రాలేదు. తొమ్మిదో శుక్రవారం వచ్చింది. నా కింద ఆయన గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, ఆ చప్పుడు దానికి వినబడుతుందేమోనని నేనే భయపడ్డాను.

అది నిలబడి నన్ను చూసింది. ఆయన కెమెరా మీద వేలు పెట్టాడు, నొక్కలేదు. కెమెరా టిక్కుమంటే అది ఉలిక్కిపడుతుందని. ఇంటికెళ్ళి కెమెరాకు పాత స్వెట్టరుతో సంచి కుట్టి, చప్పుడు తగ్గించుకుని వచ్చాడు. అప్పటికి ఇంకో నెల పోయింది. పిల్లలు మొదటిసారి బయటికి వచ్చిన రోజు కూడా నొక్కలేదు. "ఇయ్యాల చూడనీలే," అని తనలో తాను అనుకోవడం నేను విన్నాను. ఎవరిని చూడనీయాలని? తననా, వాటినా? నాకు తెలియలేదు.

ఆ ఏడాది ఎండాకాలానికి ఆయన మాటల్లో ‘అది’ పోయి ‘ఆమె’ వచ్చింది. ఎప్పుడు మారిందో ఆయన కూడా గమనించలేదు.

మొదటి మంచి ఫోటో ప్రింటు వేయించి సుంకమ్మకు ఇచ్చాడు. అందులో బొక్క ముందు తోడేలు పక్కకు ఒరిగి పడుకుని ఉంది. మూడు పిల్లలు పాలు తాగుతున్నాయి. ఒకటి చెవి పట్టుకుని గుంజుతోంది. ఆమె కళ్ళు సగం మూసి ఓర్చుకుంటోంది. సుంకమ్మ ఆ ఫోటోను చాలాసేపు చూసింది. ఆమె ఆరుగురిని కన్నది, నలుగురు దక్కారు.

"పిల్లోళ్ళు పీక్కతింటాంటే ఎట్ల ఓర్సుకుంటాందో చూడు," అంది. "మన గొర్లను తినేది ఇదేనా?"

"ఇదే," అన్నాడు గాదిలింగప్ప.

సుంకమ్మ ఆ ఫోటోను దేవుడి గూటి పక్కనే మేకుకు తగిలించింది. గాదిలింగప్ప నవ్వాడు కానీ తీసేయమనలేదు.

ఆ ఫోటో ఎలాగో బయటికి పోయింది. బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ పీరాకు ఫోన్లు వచ్చాయి. ఆ చోటు ఎక్కడ అని అందరూ అడిగారు. ఒకాయన ఏకంగా స్టూడియోకే వచ్చి, మేకపిల్లను కట్టేస్తే గంటలో పని అయిపోతుంది కదా, ఇన్ని నెలలు ఎందుకు పడుకున్నారు అన్నాడు. పీరా ఆయనకు టీ తెప్పించాడు. "చోటు మరిచిపోయినా సార్. ఇసక కదా, దినానికొక తావుకు పోతాది," అన్నాడు. ఆయన పోయాక ఆ ఫోటోల్లో ఊరి ఆనవాళ్ళు ఏమైనా పడ్డాయా అని ఒక్కొక్కటే పెద్దది చేసి వెతికాడు. ఒకదాని మూలలో గాలిమర రెక్క కనబడింది. ఆ ఫోటోను తీసేశాడు.

ఇంత జాగ్రత్తపరుడు. ఇంత మర్యాదస్తుడు.

రెండో ఏడు చలికాలంలో ఆమె మళ్ళీ ఈనింది. అయిదు పిల్లలు. ఈసారి పీరాకు మూడు వందల అడుగులు అక్కర్లేకపోయింది. నూరు, తర్వాత అరవై. ఆయన నన్ను కప్పుకుని, వంగి నాలుగు అడుగులు వేసి, కూర్చుని, మళ్ళీ నాలుగు అడుగులు వేసేవాడు. ఆమె తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ ముందుకాళ్ళ మీద తల వాల్చుకునేది. ఒకరోజు పిల్లల్లో ఒకటి నా దాకా వచ్చి అంచు పట్టుకుని కొరికింది. పళ్ళు సూదుల్లా ఉన్నాయి. కింద ఆయన ఊపిరి బిగబట్టాడు. తల్లి అరవై అడుగుల దూరం నుంచి చూస్తూ కూర్చుంది కానీ లేవలేదు. ఆ పూట పీరా రొప్పానికి వచ్చి, చిన్నపిల్లవాడిలా నా అంచులోని ఆ చిరుగును గాదిలింగప్పకు చూపించాడు.

గాదిలింగప్ప నవ్వలేదు.

"తప్పు చేస్తాండావు సాబూ. దానికి బయం పోతాంది."

"నా ఒక్కని మీదనే కదన్నా. నేను ఏం చేస్తా దాన్ని?"

"నీ మీద కాదు. కంబళి మీద."

పీరాకు ఆ మాట ఆ రోజు ఎక్కలేదు. సంతోషంలో ఉన్న మనిషి చెవులు అలాగే ఉంటాయి.

రంజాను వచ్చింది. ఎండలు అప్పటికే ముదిరాయి. ఉపవాసంతో ఆ ఇసుకలో పడుకోలేక, నెల అయ్యాక వస్తానని చెప్పి, పీరా నన్ను రొప్పం దగ్గరి గుడిసెలో కొయ్యకు తగిలించి పోయాడు. ఎప్పుడూ అలాగే చేసేవాడు. నేను ఆయనదాన్ని, కానీ నా ఇల్లు అదే.

రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం. గాదిలింగప్ప తల్లి గొర్రెల్ని తోలుకుని దూరం పోయాడు. సుంకమ్మ బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. ఆ ఏడు ఊరంతటికీ ఒకటే బోరింగులో నీళ్ళు వస్తున్నాయి, వరసలో నిలబడాలి. ఆ సందులో ఆ తల్లి తోడేలు రొప్పంలోకి దూరింది. లోపల ఇరవై పిల్లలు. బయట వేటాడితే ఒకటి పట్టుకుని పోయేది. కంచె లోపల ఎటు చూసినా పరుగులే, అరుపులే. తోడేలుకు అలాంటప్పుడు ఆగడం చేతకాదట. నేను కొయ్య మీద వేలాడుతూ విన్నాను. అంతా తొందరగానే అయిపోయింది. ఆమె ఒక పిల్లను నోట కరుచుకుని తన పిల్లల దగ్గరికి పోయింది. తక్కిన పందొమ్మిది అక్కడే పడి ఉన్నాయి.

సుంకమ్మ వచ్చి చూసి బిందె కింద పడేయలేదు, మెల్లగా దించింది. ఒక్కొక్క పిల్లనూ ఎత్తి, ఊపిరి ఉందేమోనని చెవి దగ్గర పెట్టుకుని, వరసగా పడుకోబెట్టింది. తర్వాత వాటి మధ్య కూర్చుంది. ఏడవలేదు.

ఏడ్చింది గొర్రెలు. సాయంత్రం పొదుగులు నిండి వచ్చాయి. పిల్లల్ని పిలిచాయి. రొప్పమంతా వెతికాయి, నేల వాసన చూశాయి, మళ్ళీ పిలిచాయి. ఇరవై తల్లులు పాలు గడ్డకట్టి, తెల్లవారినా ఆపలేదు. ఆ పిలుపు వింటూ గాదిలింగప్ప గుడిసె గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. పొద్దు పొడవగానే లేచి, కొయ్య మీద నుంచి నన్ను తీసుకున్నాడు. ఆయన కొత్త కంబళి పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

"యాడికి?" అంది సుంకమ్మ.

ఆయన గొడ్డలి తీసుకున్నాడు.

తొమ్మిదేళ్ళు నన్ను మోసిన భుజాలు అవి. నాకు వాటి ప్రతి ఎముకా తెలుసు. ఆ పొద్దు అవి నాకు తెలిసినట్టు లేవు. ఏటిగట్టు కనబడగానే ఆయన నడక మారింది. వంగి నాలుగు అడుగులు వేసి, కూర్చుని, మళ్ళీ నాలుగు అడుగులు వేశాడు. పీరా నడక. దూరం నుంచి గొర్రెలు మేపుకుంటూ రెండేళ్ళు చూసి నేర్చుకున్న నడక.

ఆమె బొక్క ముందు పడుకుని ఉంది. తల ఎత్తి నన్ను చూసింది. నేను కంబళిని, అరవగలిగేదాన్ని కాదు. జారిపడదామన్నా ఆయన పిడికిలి నన్ను గడ్డం కింద గట్టిగా పట్టుకుని ఉంది. నూరడుగులు. అరవై. పీరా ఎప్పుడూ దాటని అరవై దాటి, ముప్పై. పిల్లలు రెండు తోక ఊపుకుంటూ ఎదురొచ్చాయి. ఆమె నన్ను ఇంకొకసారి చూసి, ముందుకాళ్ళ మీద తల వాల్చుకుంది.

మిగిలింది నేను వివరంగా చెప్పను. గొడ్డలి ఒకసారే లేచింది. తర్వాత ముళ్ళకంప తెచ్చి బొక్క నోట్లో కుక్కి నిప్పు పెట్టాడు. పొగ ఎక్కువసేపు వచ్చింది. అది ఆరాక ఇసుక తోసి పూడ్చి, ఆ ఇసుక మీదే కూర్చుండిపోయాడు. పొద్దెక్కి, గొర్రెలు మేత లేక అరుస్తున్నాయని సుంకమ్మ వెతుక్కుంటూ వచ్చేదాకా లేవలేదు.

ఆ రోజే సుంకమ్మ గూటి పక్కనున్న ఫోటోను గోడ వైపు తిప్పేసింది.

పండగైన మర్నాడు పీరా టిఫిను డబ్బాలో సేమ్యా పాయసం తీసుకుని వచ్చాడు. గాదిలింగప్ప ఆయన్ను కూర్చోనివ్వలేదు.

"చంపినా సాబూ," అన్నాడు.

పీరా డబ్బా చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

"పంతొమ్మిది పిల్లల్ని కొరికింది. నేను పోయి చంపినా. కంబళి కప్పుకోని పోయినా. నీ మాదిరే పోయినా." ఆయన రొప్పం వైపు చూశాడు. "లేయలేదు సాబూ. లేసి ఉర్కుతాది అనుకొంటి. ఉర్కి ఉంటే నేను ఊరికే కంప పెట్టి వచ్చేసేవాణ్ణేమో. లేయనే లేదు."

పీరా అడిగాడు. "పిల్లలు?"

"నాలుగు పోయినాయి. ఒకటి బొక్కలో లేదు, తప్పిచ్చుకొనింది." గాదిలింగప్ప కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఫారెస్టోళ్ళకు చెప్పు. నేను కాదనను. జైలుకు పోతా."

"నీ మీద కేసు రాయాలంటే ముందు నా పేరు రాయాలన్నా," అన్నాడు పీరా.

సుంకమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు. ఆ పాయసం ఎవరూ తినలేదు. పీరా నన్ను మడిచి మోపెడ్‌కు కట్టుకుని పోయాడు. ఇంట్లో ఆయన భార్య నన్ను రెండుసార్లు ఉతికింది. పొగ వాసన పోలేదు.

ఆ వేసవంతా ఆయన స్టూడియో లోపలి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ తోడేలు ఫోటోలు చూశాడు. వందల ఫోటోలు. నేను వెనక కుర్చీ మీద ఉండేదాన్ని. ఆయన దేని కోసం చూస్తున్నాడో నాకు మొదట తెలియలేదు. తర్వాత అర్థమైంది. మొదటి ఏడాది ఫోటోల్లో ఆమె చెవులు నిక్కి ఉన్నాయి, ఒక కాలు పరుగుకు సిద్ధంగా ఎత్తి ఉంది. వరసగా చూసుకుంటూ వస్తే చెవులు మెల్లగా వాలాయి, ఎత్తిన కాలు నేలకు ఆనింది, చివరి వాటిలో కళ్ళు సగం మూతపడ్డాయి. భయం పోయిన ఒక్కొక్క మెట్టునూ ఆయనే ఫోటో తీసుకున్నాడు. మంచి ఫోటోలని జనం మెచ్చుకున్నవన్నీ చివరివే.

హైదరాబాదులో ప్రదర్శనకు పంపమని ఎవరో ఫోన్ చేశారు. "నా దగ్గర ఏం లేవండి," అన్నాడు. అబద్ధం ఆడటం ఆయనకు రాదు, అవతలివాళ్ళ మాట ముగియకుండానే ఫోన్ పెట్టేశాడు.

ఆషాఢం గాలి మొదలైన రోజుల్లో గాదిలింగప్ప స్టూడియోకు వచ్చాడు. ఆ మెట్లు ఆయన ఎక్కడం అదే మొదటిసారి. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"అది ఉండాది సాబూ. మిగిలిన పిల్ల. మొగది సాకుతాంది దాన్ని."

పీరా లేచి నిలబడ్డాడు.

"నిన్న నా కంబళి చూసి దగ్గరికొచ్చింది. ఇరవై అడుగుల్లో కూచునింది. పక్క ఊరోళ్ళకు కూడా కంబళ్ళు ఉండాయి, విషం మందు పెట్టేవాళ్ళు ఉండారు. రాయి ఎత్తినా కొట్టేదానికి. చెయ్యి రాలేదు." ఆయన నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. "నాకు చేతకాదు. నువ్వు రా."

మర్నాడు ఇద్దరూ కలిసి దిబ్బల్లోకి పోయారు. గాదిలింగప్ప వెనకే ఆగి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పీరా నన్ను కప్పుకుని ముందుకు నడిచాడు. జేబులనిండా రాళ్ళు. గాలికి ఇసుక నా మీద సన్నగా రాలుతోంది.

పొద్దు వాలేముందు అది వచ్చింది. ఏడు నెలల పిల్ల, కాళ్ళు పొడుగు, ఒళ్ళు సన్నం. నన్ను చూడగానే చెవులు ముందుకు పెట్టి, గబగబా వచ్చి, ముప్పై అడుగుల్లో కూర్చుంది. నా కింద మనిషి మీద దానికి ఏ అనుమానమూ లేదు.

పీరా లేచి చేతులు ఊపి అరిచాడు. అది తల పక్కకు వంచి చూసింది. ఇసుకగడ్డ విసిరాడు. అది ఎగిరి ఆ గడ్డ మీద దూకి, ఆటనుకుని, ముందుకాళ్ళు వంచి తోక ఊపింది. "పో," అన్నాడు. "పోవే తల్లీ. పో." చిన్న రాయి విసిరాడు, అది పక్కన పడింది. పిల్ల కొంచెం దూరం పోయి, తిరిగి వచ్చి కూర్చుంది. మళ్ళీ విసిరాడు. మళ్ళీ వచ్చింది. అప్పుడు ఆయన పెద్ద రాయి తీసుకున్నాడు. ఆ రాయి దాని పక్కటెముకలకు తగిలింది.

అది చేసిన చప్పుడు కుక్కపిల్ల చేసే చప్పుడే. కొంచెం దూరం కుంటుకుంటూ పరిగెత్తి, ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. పీరా ఇంకో రాయి ఎత్తాడు. అది పోయింది.

ఆయన ఇసుకలో కూలబడి నన్ను తల మీదికి లాక్కుని ఏడ్చాడు. గాదిలింగప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. నా మీద చెయ్యి వేశాడు, అంటే ఆయన వీపు మీద.

ఆ తర్వాత మూడు నెలలు పీరా ప్రతి శుక్రవారం వచ్చాడు. దిబ్బల్లో నన్ను కప్పుకుని తిరుగుతూ, రేకు డబ్బా కొడుతూ, గొంతు పోయేలా అరిచేవాడు. స్టూడియో సాబుకు మతి చలించిందని ఊళ్ళో అనుకున్నారు. అడిగినవాళ్ళకు గాదిలింగప్ప, "ఆయన పని ఆయన చేసుకుంటాండాడు," అని చెప్పేవాడు.

కార్తీకంలో ఒక పొద్దున ఇద్దరూ దిబ్బ ఎక్కారు. అర మైలు అవతల ఇంకో దిబ్బ మీద అది నిలబడి ఉంది. బాగా ఎదిగింది. పక్కన ఇంకొక తోడేలు, ఎక్కడి నుంచి వచ్చిందో. గాలి మా వైపు నుంచి అటు వీస్తోంది. అది తల తిప్పి నన్ను చూసింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు. పొట్ట ఇసుకకు తగిలేలా వంగి, అడ్డంగా ఉరికి, దిబ్బ అవతలికి దిగిపోయింది. రెండోది దాని వెనకే పోయింది. కాసేపు ఇసుక పొగలా లేచి, అణిగింది.

పీరా మెడలో కెమెరా లేదు. చేతిలోని రేకు డబ్బాను మెల్లగా కింద పెట్టాడు.

"నన్ను చూసి బయపడిందన్నా," అన్నాడు.

"బయపడింది," అన్నాడు గాదిలింగప్ప. "ఇంగ బతుకుతాది."